మన ఒంటిలో కేళీల ఏరివేత

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో విత్తనం కోసం పెంచే వరిచేలను మీలో చాలామంది చూసే ఉంటారు. వెన్నులు తీసే వేళ కూలీలు చేనంతా తిరిగి కేళీలను ఏరి పారేస్తారు. కేళీ కూడా చూడటానికి వరిమొక్కే. కాని ఎత్తులోనో, గింజ రంగులోనో కాస్త తేడా ఉంటుంది. అలవాటుపడిన కళ్లు ఆ తేడాను ఇట్టే పసిగడతాయి.

మన శరీరంలోనూ ఇలాంటి ఏరివేత నిత్యం జరుగుతుంది. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనవి టి-కణాలు. ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు. శరీర కణాలు తమ లోపలి ప్రోటీన్ల తునకలను పైపొర మీద చూపుతూ ఉంటాయి. ఏదైనా వింత తునక కనిపిస్తే టి-కణం ఆ కణాన్ని చంపివేస్తుంది.

మరి క్యాన్సరు ఎలా పెరుగుతున్నది? క్యాన్సరు కణం పరాయిది కాదు, అదుపు తప్పిన మన కణమే. అందుకే గుర్తించటం కష్టం. పైగా టి-కణానికి పి.డి.-1 అనే బ్రేకు ఉంది. మంచి కణాలకు హాని జరగకుండా అది కాపాడుతుంది. దీన్ని 1992లో జపానులో తసుకు హోంజో బృందం కనుగొన్నది. అది బ్రేకు అని తరువాత తేలింది. కొన్ని క్యాన్సరు కణాలు పి.డి.-ఎల్.1 అనే ప్రోటీనును పైన తొడుక్కుని ఆ బ్రేకును నొక్కుతాయి. కాపలావాడు పక్కనే ఉన్నా చేయి ఎత్తలేడు!

జీర్ణాశయ క్యాన్సరులో ఇద్దరు రోగులకు ఒకే పరిమాణం గల కణితి ఉన్నా, ఇద్దరి భవిష్యత్తూ ఒకటి కాకపోవచ్చు. అందుకని వైద్యులు కణితి ముక్కను పలుచగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తారు. లోపలికి టి-కణాలు ఎక్కువగా చేరి ఉంటే సాధారణంగా అది మంచి సూచన. కొన్ని కణితులలో డి.ఎన్.ఏ. తప్పులను దిద్దే యంత్రాంగం చెడిపోయి ఉంటుంది. తప్పులు పెరిగేకొద్దీ వింత ప్రోటీన్లు పెరుగుతాయి, టి-కణాలకు గుర్తులు దొరుకుతాయి. బ్రేకును వదిలించే మందులు ఇలాంటి కణితులపై బాగా పనిచేస్తాయి. ఈ మందులకు దారి చూపినందుకే హోంజోకు, అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

రక్తంలో చూసే సూచికలూ ఉన్నాయి. 1965లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనుగొన్న సి.ఇ.ఏ. అలాంటిదే. కాని పొగ తాగేవారిలోనూ అది పెరగవచ్చు. క్యాన్సరు ఉన్నా పెరగకపోవచ్చు. కనుక రిపోర్టులో ఒక అంకె చూసి గుండె జారిపోనక్కరలేదు, నిశ్చింతగా ఉండనూకూడదు. సూచిక జాతకచక్రం కాదు. వందలమంది రోగుల అనుభవం నుంచి తీసిన సగటు అది. ఏ ఒక్కరి ఆయువునూ లెక్కకట్టదు. ఏ చికిత్స ఎంచుకోవాలో తెలుసుకోవటానికి వైద్యునికి తోడ్పడుతుంది.

అన్నిటికంటే విలువైనది ముందుగా కనిపెట్టటం. ఇంట్లో పెద్దలెవరికైనా వారాల తరబడి అజీర్ణం, కారణం లేకుండా బరువు తగ్గటం, నల్లటి విరేచనం కనిపిస్తే, “గ్యాసేలే” అని సోడా తాగి ఊరుకోనివ్వకండి. వైద్యుని వద్దకు వెళ్లమని మీరే పట్టుబట్టండి. కేళీని గింజ రాలకముందే పీకాలి గదా!