మలినభూమి – శుద్ధివ్యయము

నగరములో ఖాళీస్థలమును చూచినప్పుడు మనము పైమట్టినే చూతుము. అడుగున నేమున్నదో విచారింపము. అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరమున, లవ్ కెనాల్ అను పాత కాలువలో ఒక రసాయన సంస్థ 1942 మొదలు సుమారు 21,000 టన్నుల వ్యర్థములను పూడ్చి, 1953లో ఆ స్థలమును పాఠశాలల బోర్డునకు ఒక్క డాలరునకు అమ్మినది. అంత చౌకబేరమునకు కారణ ముండకపోదు గదా! అచట బడి వెలసినది. చుట్టును ఇండ్లు లేచినవి. 1978 నాటికి విషము ఇండ్ల నేలమాళిగలలోనికి ఊరగా, వందలాది కుటుంబములు వలసపోయినవి.

ఇట్టి నేలను శుద్ధిచేయు వ్యయ మెవరిది? ఈ ఉదంతము ప్రేరకముగా 1980లో వచ్చిన చట్టము, పాడుచేసినవారిదే యన్నది. వారు దొరకనిచో, దివాలా తీసినచో వెచ్చించుటకై, ఐదేండ్లకు 160 కోట్ల డాలర్లతో ‘సూపర్ ఫండ్’ అను నిధి నేర్పరచినది. అందు అధికభాగము చమురు, రసాయన పరిశ్రమలపై పన్ను. 1995 చివర ఆ పన్ను గడువు తీరినది. భారము క్రమముగా సామాన్య పన్నుదారులపైకి జరిగినది. పన్ను ఆగినంత మాత్రమున నేలలోని విషము ఆగదు. రసాయనములపై 2022లోను, చమురుపై 2023లోను దానిని మరల విధించిరి.

లవ్ కెనాల్ పేరును 2004లో ప్రమాదస్థలముల జాబితానుండి తొలగించిరి. వ్యర్థములు మాత్రము మట్టికప్పు క్రింద అచటనే యున్నవి. ఊరిన నీటిని తోడి శుద్ధిచేయు పని నేటికిని సాగుచున్నది.