మన వాగు బ్రదికియున్నదా?

మన గ్రామ సంఘాలలో అనేకులు బాప్తిస్మము పొందినది ఊరి వాగులోనే. ఆ వాగులోనే బట్టలు ఉతుకుతాము, పశువులకు నీళ్ళు పెడతాము, దాని నీటితోనే వరి పండిస్తాము. ఇంటిలో బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే వెంటనే చెయ్యి పట్టి చూస్తాము. మరి వాగు జబ్బుపడితే చూచేవారెవరు?

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. నీరు పలుచగా రాళ్ళమీద పారేచోట ఒక రాయిని తిరగవేసి చూడండి. తోకవద్ద మూడు సన్నని పోగులున్న పురుగులు, ఇసుక రేణువులతో గూడు కట్టుకొన్న పురుగులు కనబడితే నీటిలో ప్రాణవాయువు బాగున్నదని గుర్తు. అవేవీ లేక, బురదలో ఎర్రని సన్నని పురుగులు మాత్రమే ఉంటే మురుగు చేరినదని అనుమానించాలి. ప్రాణవాయువు తగ్గినా ఇవి బ్రదుకగలవు. సీసాలో పట్టిన నీరు ఆ ఘడియ సంగతే చెబుతుంది. వారాలు, నెలల తరబడి అక్కడే పెరిగిన పురుగులు గడచిన దినాల సంగతి కూడా చెబుతాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే అదీ అపాయ సూచనే. స్నానానికి తగిన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని ప్రభుత్వ ప్రమాణము.

ఊరికి ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి చూస్తేనే మన ఊరు వాగుకు ఏమి చేసినదో తెలుస్తుంది. మూసీనదినే చూడండి. అది వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుడుతుంది. 1908 నాటి ఘోరమైన వరద తరువాత మూసీమీద 1920లో గండిపేట చెరువు, ఉపనది ఈసీమీద 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. అవి నగరవాసుల దాహం తీర్చాయి. నగరం దాటేసరికి ఆ నదే మురుగు మోస్తుంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హైదరాబాదు నుండి నల్గొండ వరకు మూసీని మిక్కిలి కలుషితమైన నదుల వరుసలో చేర్చింది. ఆ నీటినే కత్వలతో మళ్ళించి దిగువ రైతులు వరి, పశుగ్రాసము పండించుకొంటూ వచ్చారు.

తప్పంతా పట్నానిదేనా? పొలాలలో మితిమీరి వేసిన యూరియా వానకు వాగులో చేరి పాచిని పెంచుతుంది. పురుగుమందు డబ్బాలు అక్కడే కడుగుతాము. ఇసుక తవ్వి, గట్టు చెట్లు నరికి, పురుగులకూ చేపలకూ నిలువనీడ లేకుండా చేస్తాము.

యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయములో దేవుడు బలిసిన గొఱ్ఱెలను మందలిస్తాడు. అవి తేట నీరు త్రాగి, మిగిలినదానిని కాళ్ళతో కలకచేసి బలహీనమైన వాటికి విడిచిపెట్టాయి. దిగువ ఊరివాడు మన పొరుగువాడు కాడా?

ఈ నెలలో యౌవనస్థులు, సండేస్కూలు పిల్లలు పెద్దల తోడుతో వాగును రెండు చోట్ల పరీక్షించి, చూచినది పుస్తకములో వ్రాయాలి. ఏటా వానలకు ముందు, తరువాత మరల చూడాలి. నీరు తేటగా ఉన్నంతమాత్రాన త్రాగుటకు మంచిదనుకోరాదు. క్రిములు, మందులు కంటికి కనబడవు. ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. తేడా కనబడితే ఆ పుస్తకము పట్టుకొని పంచాయతీకి వెళ్ళుదము. అంతకుముందు మన డబ్బాలను మనమే వాగునుండి దూరంగా ఉంచుదము.