మోటారుకారుపై మంచె

జొన్నచేని నడుమ మంచెపై రాత్రులు గడపిన రైతునకు, నమీబియా దేశమున యాత్రికులు మోటారుకారు కప్పుపై డేరా వేసికొని నిద్రించుచున్నారని చెప్పినచో ఆశ్చర్యము కలుగదు. పామునకును తేలునకును దూరముగా, గాలి తగులు ఎత్తున పడుకొనుట అతడెరిగిన విద్యయే. కాని మంచె కదలదు, కారు కదలును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఈ డేరా కొత్తది కాదు. 1958లోనే ఇటలీలో ‘మజ్జొలీనా’ అను గట్టిపెంకు డేరా వెలసినది. తరువాత తూర్పు జర్మనీవారు తమ చిన్ని ట్రబాంట్ కారును సైతము దీనికి ఒప్పించిరి. నేడు నమీబియా రాజధానియగు విండ్‌హుక్‌లో అద్దెకు దొరకు పికప్ బండ్లపై ఇవి సర్వసామాన్యములు.

సుఖము కాదనరానిది. పట్టీలు విప్పి నిచ్చెన లాగినచో కొలది నిమిషములలో పరుపుతో సహా పడక సిద్ధము. రాళ్లు ఏరనక్కరలేదు, మేకులు పాతనక్కరలేదు, వాననీరు క్రిందికి చేరునను భయము లేదు. అయితే బండి నిలిచిన చోటు వాలుగా నున్నచో పడుకొన్నవారును వాలుదురు. చక్రముల క్రింద చెక్కలు పెట్టి సరిచేయక తప్పదు. ఎత్తున నుండుటచే మృగభయము లేదనుకొనుటయు పొరపాటే. చిరుతపులికి చెట్టెక్కుట వచ్చును. ఎటోషా జాతీయవనమున యాత్రికులకు ధైర్యము నిచ్చునది కప్పుడేరా కాదు, విడిది చుట్టునున్న కంచె.

ఆ ఎటోషాలోనే దీని లోపము తెలియును. విడిది ద్వారములను సూర్యాస్తమయమున మూసి సూర్యోదయమున తెరచుదురు. నీటిమడుగుల వద్ద జంతువులను చూచుటకు ఉదయవేళయే మంచి సమయము. నేలడేరావాడు దానిని అట్లే విడిచి కారెక్కి పోవును. కప్పుడేరావాడు చీకటిలో లేచి, దుప్పట్లు మడచి, గుడారము ముడిచి, పట్టీలు బిగించిన పిదపగాని బండి కదల్పలేడు. రొట్టె కొనుటకు పోవలెనన్నను ఇదే తంతు. తడి యారకముందే ముడిచి మరచినచో బట్టకు బూజు పట్టును.

బరువు లెక్క విద్యార్థులకు ఆసక్తికరము. ఇట్టి డేరాలు చాలవరకు 50 మొదలు 80 కిలోలు తూగును. చిన్నకారు కప్పు మోయదగిన బరువు 75 కిలోలకు మించకపోవుట సాధారణము. అడ్డకమ్ముల బరువును అందులోనిదే. మరి ఇద్దరు మనుష్యులెక్కిన కప్పు కూలదా? కూలదు. తయారీదారులు చెప్పు ఆ పరిమితి పరుగెత్తు బండికి. మలుపులలోను, బ్రేకు వేసినపుడును పైబరువు ఒక ప్రక్కకు లాగును. నిలిచిన బండిపై నెమ్మదిగా ఆను భారము అంతకు కొన్ని రెట్లున్నను స్తంభములు ఓర్చుకొనును. పరుగులో మాత్రము డేరా బండి గురుత్వకేంద్రమును పైకి జరుపును; గాలికి అడ్డుపడి పెట్రోలు ఖర్చును పెంచును.

రోజునకొక ఊరు మారు పడుచుదంపతులకు ఈ డేరా తగినదే. ఒకేచోట మూడు రాత్రులుండువారికి నేలడేరాయే మేలు, వెలయు తక్కువ. రాత్రి రెండుమార్లు లేవవలసిన అవ్వకు ఆ సన్నని నిచ్చెన పగటివేళనే కష్టము. ఆమె వెంటనున్నచో క్రింద మరొక డేరా వేయవలసినదే. పైదానికై మనుమలు తగవులాడుకొందురు.