మీకు తెలుసా? ఎండకు కమిలితే ఐసు పెట్టకూడదు!

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాల్లో మిరప కోతలు సాగుతుండగానే ఎండలు ముదురుతాయి. మెడ, ముంజేతులు కమిలితే ఇవి గుర్తుంచుకోండి.

• చర్మాన్ని కమిలించేది వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. అందుకే పల్చటి మబ్బు పట్టిన రోజున కూడా ఒళ్లు కమలవచ్చు.

• మంట కొన్ని గంటల తర్వాత మొదలై, 12–24 గంటల్లో బాగా ముదురుతుంది. పగలు తెలియకపోయినా రాత్రి పడుకోనివ్వదు.

• ఐసుకు బదులు కుండనీళ్లలో తడిపిన నూలుగుడ్డను 10–15 నిమిషాలు వేస్తే ఉపశమనం కలుగుతుంది.

• కలబంద మట్ట కోయగానే కారే పసుపు జిగురు చర్మాన్ని రేపుతుంది. అది కారిపోయాక కడిగి, లోపలి గుజ్జు మాత్రమే రాయాలి.

• నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు.

• మిరపకాయలు కోసిన చేతి కారం వట్టి నీళ్లతో పోదు. నూనె రాసి, సబ్బుతో కడిగాకే కమిలిన చోట తాకాలి.

• బొబ్బలు చిదపవద్దు. నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి. జ్వరం, వణుకు, వాంతులు ఉన్నా, బొబ్బలు ఎక్కువగా లేచినా, పసిపిల్లలకు కమిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.