ఒంటరి ఆటగాడి జమాఖర్చు

కంప్యూటర్ ఆటల గురించి మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. పిల్లలు పాడైపోతున్నారని పెద్దలు, పెద్దలకేం తెలుసునని పిల్లలు. మూడో మాట చెప్పాలంటే ఆడి చూసిన పెద్దవాడు ఒకడుండాలి గదా! అందుకని, యాభై దాటిన బ్యాంకు ఉద్యోగినైన నేను ఈ సాహసానికి పూనుకుంటున్నాను. మా అబ్బాయి వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళుతూ ఇంట్లో వదిలిన కంప్యూటరు మీద, రాత్రి భోజనాలయ్యాక గంటా గంటన్నర చొప్పున నేను ఆడిన ఆట పేరు ‘బోర్డర్‌ల్యాండ్స్ 2’. అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన గేర్‌బాక్స్ సంస్థ తయారుచేసింది. 2009లో వచ్చిన మొదటి ఆటకు కొనసాగింపుగా 2012 సెప్టెంబరులో విడుదలైంది. తరువాత 2019లో మూడవదీ, 2025లో నాలుగవదీ వచ్చాయి. అయినా రెండవదే గొప్పదని వాదించేవారు ఈనాటికీ ఉన్నారు.

ఇది ప్రధానంగా నలుగురు జట్టుగా ఆడుకునేందుకు తయారైన ఆట. నా వయసువాడికి తుపాకి ఆటకు ముగ్గురు తోడు ఎక్కడ దొరుకుతారు? కాబట్టి నాకు తేలవలసిన ప్రశ్న ఒక్కటే. ఒంటరిగా కూర్చుని ఆడేవాడికి ఇన్ని రాత్రుల పెట్టుబడి గిట్టుబాటవుతుందా?

కథ పాండోరా అనే బంజరు గ్రహం మీద జరుగుతుంది. అక్కడి నేలలో దాగిన నిధుల కోసం వేటగాళ్లు వస్తుంటారు. హైపీరియన్ అనే ఆయుధ కంపెనీ అధిపతి హ్యాండ్సమ్ జాక్ ఆ గ్రహాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తుంటాడు. మనం ఆ వేటగాళ్లలో ఒకరిమై అతణ్ణి ఎదిరించాలి. ఇంతవరకు మామూలే. అసలు ఆకర్షణ తుపాకుల్లో ఉంది. ఈ ఆటలో తుపాకులను ఒక్కొక్కటిగా గీసి పెట్టలేదు. గొట్టం, పిడి, మడమ, గురిచూసే అద్దం ఇలా విడిభాగాలను కంప్యూటరే అప్పటికప్పుడు జతచేసి కొత్త తుపాకిని పుట్టిస్తుంది. చచ్చిన ప్రతి శత్రువు దగ్గరా, తెరిచిన ప్రతి పెట్టెలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. తెలుపు రంగుది నాసిరకం, ఆపైన ఆకుపచ్చ, నీలం, ఊదా, అన్నిటికీ మించి నారింజ. నారింజ రంగు వెలుగు ఒకటి నేలమీద కనపడితే గుండె వేగం పెరగడం నాకు అనుభవమే. ఆ తుపాకుల మీద ఎర్ర అక్షరాలలో ఒక వాక్యం ఉంటుంది. దాని ప్రత్యేక గుణమేమిటో సూటిగా చెప్పదు, ఊహించుకోమంటుంది. మా హెడ్డాఫీసు సర్క్యులర్లు చదివి చదివి ఉన్నవాణ్ణి గనుక నాకది కష్టమనిపించలేదు.

తుపాకుల కంపెనీలకు వేటి స్వభావం వాటికుంది. జేకబ్స్ వారిది పాతకాలపు పద్ధతి. మీట ఎంత త్వరగా నొక్కితే అంత త్వరగా పేలుతుంది. టోర్గ్ వారి తూటాలు నెమ్మదిగా వెళ్లి బాంబుల్లా పగులుతాయి. హైపీరియన్ తుపాకి పేలుస్తున్నకొద్దీ గురి కుదురుతుంది. టెడియోర్ వారిది మరీ విడ్డూరం. తూటాలు మళ్లీ నింపవలసి వచ్చినప్పుడు తుపాకినే శత్రువు మీదికి విసిరేస్తాడు మన వేటగాడు. అది పేలిపోతుంది, చేతిలోకి కొత్తది వచ్చేస్తుంది. పాతదానిలో మిగిలిన తూటాలు దానితోనే పోతాయి. పొదుపు తెలిసిన మనిషికి ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గాని, సరదా మాత్రం సరదానే.

ఒంటరివాడికి జమ పద్దులో మొదట రాయవలసింది ఈ సొత్తంతా తనదే కావడం. జట్టుగా ఆడితే నేల మీద పడినది ఎవరు ముందు అందుకుంటే వారిది. స్నేహితుల మధ్య దీని మీద తగవులు రాకమానవు. ఎవరి వాటా వారికి విడిగా చూపించే ఏర్పాటు 2019లో మూడవ ఆటతో గాని రాలేదు. రెండవది, కథ తీరిగ్గా వినబడుతుంది. నలుగురూ తలో వైపు పరుగెడుతూ మాట్లాడుకుంటుంటే పాత్రల మాటలు చెవికెక్కవు. ఒక్కడే ఉంటే రేడియోలో హ్యాండ్సమ్ జాక్ పలకరింపులన్నీ వినవచ్చు. వజ్రాలతో చేసిన గుర్రాన్ని కొన్నానని గొప్పలు చెప్పుకుంటాడు, మనల్ని బందిపోటు అని తిడతాడు, తానే ఈ కథకు నాయకుణ్ణని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఇంత కబుర్లాడే ప్రతినాయకుడు వెంట ఉండగా ఒంటరితనం అంతగా తెలియదు. మూడవది, నడుమ వంటింట్లోంచి పిలుపు వస్తే ఆట ఆపి లేచి వెళ్లవచ్చు. జట్టులో ఆ సౌకర్యం లేదు.

ఇక ఖర్చు పద్దు. ఈ ఆటలో దెబ్బతిని పడిపోతే వెంటనే చావు రాదు. కొన్ని క్షణాల గడువుంటుంది. ఆలోగా ఒక్క శత్రువునైనా చంపితే లేచి నిలబడతాం. తోడుంటే వచ్చి లేపుతాడు. ఒక్కడికి లేపే దిక్కుండదు. పెద్ద రాక్షసుడొక్కడే ఎదురుగా ఉండి, చుట్టుపక్కల చంపడానికి చిన్న శత్రువు కూడా లేనప్పుడు, గడువు కరిగిపోవడం చూస్తూ పడి ఉండటమే. చచ్చాక దగ్గరి యంత్రం మనల్ని తిరిగి బతికిస్తుంది గాని, చేతిలోని సొమ్ములో ఏడు శాతం పట్టుకుంటుంది. పదివేలుంటే ఏడు వందలు! ఆ యంత్రాలు నడిపేది శత్రువైన హైపీరియన్ కంపెనీయే. ఇంతకంటే పక్కా వ్యాపారం నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. డబ్బు పోయినా విచారం లేదు, తిరిగి వెళ్లేసరికి రాక్షసుడి ప్రాణం మళ్లీ నిండుగా ఉంటుంది, ఏడుపంతా అక్కడ. జట్టులో ఒక్కడు బతికి ఉన్నా పోరు ఆగినచోటు నుంచే సాగేది.

కథ రెండుసార్లు పూర్తిచేసినవారికి 2013లో మరింత కఠినమైన మూడవ విడత కలిపారు. అక్కడ శత్రువుల గాయాలు వాటంతటవే మానుతుంటాయి. స్లాగ్ అనే ఊదారంగు ద్రవం పూసిన శత్రువుకు మామూలు తూటా మూడింతలు తగులుతుంది గనుక, అది లేకుండా పని జరగదు. ఇద్దరుంటే ఒకరు పూస్తారు, ఒకరు కాలుస్తారు. ఒక్కడైతే ఒక తుపాకితో పూసి, మార్చి, ఇంకోదానితో కాల్చి, మళ్లీ మార్చి... క్యాషియరూ తానే, లెడ్జరు గుమాస్తా తానే, ఆఫీసరూ తానే అయిన పల్లెటూరి శాఖ లాంటి వ్యవహారం. టెర్రామార్ఫస్ వంటి మహాభూతాలైతే జట్టును ఉద్దేశించి పెట్టినవే. ఆరితేరినవారు ఒంటరిగా కూల్చారు గాని, నా బోటివాడికి ఆ ఆశ లేదు.

నన్ను అంతకంటే బాధించింది తుపాకుల తరుగుదల. పదిహేనవ అంచెలో ప్రాణంగా చూసుకున్న నారింజ తుపాకి ఇరవై రెండుకు వచ్చేసరికి ఆటబొమ్మ అయిపోతుంది. మంచిది కావాలంటే ఒకే రాక్షసుణ్ణి చంపడం, ఆట మూసి తెరవడం, మళ్లీ చంపడం. హార్నెట్ అనే పిస్తోలు కోసం ఆరంభంలోనే ఎదురయ్యే నకిల్‌డ్రాగర్ అనే మృగాన్ని ఎన్నిసార్లు చంపానో లెక్క పెట్టుకోలేదు. చివరికి దొరికింది. ఎవరికి చూపించను? స్నేహితులుంటే “అరె!” అనేవారు, అడిగేవారు, కుళ్లుకునేవారు. ఒంటరివాడి నిధి అడవిగాచిన వెన్నెలే. శాంక్చువరీ అనే ఊళ్లో సొత్తు దాచుకోవడానికి బ్యాంకు ఒకటుంది, మన వేటగాళ్లలో ఒకడి తుపాకి ఇంకొకడికి చేరవేసే రహస్య పెట్టె ఒకటుంది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో పుచ్చుకున్నట్టుంటుంది.

నా లెక్కలో, కథ ఒక్కసారి ఆడేంతవరకు ఒంటరివాడికి లాభమే. నాకు నలభై గంటలకు పైగా పట్టింది, విసుగు కలగలేదు. ఆ తరువాతి విడతలు తోడు లేనివాడికి జీతం లేని కొలువు. అక్కడితో ఆపి, విడిగా అమ్మే అనుబంధ కథలకు వెళ్లడం మేలు. వాటిలో 2013 నాటి ‘టైనీ టీనా’ కథ తప్పక ఆడవలసినది. ఆప్తుణ్ణి పోగొట్టుకున్న చిన్నపిల్ల, ఆ సంగతి ఒప్పుకోలేక, తాను అల్లే బల్లాట కథలో ఆయన్ని పదే పదే బతికిస్తుంటుంది. తుపాకుల ఆటలో కన్ను చెమరుస్తుందని నేననుకోలేదు. ప్రధాన కథ ముగిశాకే దీన్ని మొదలుపెట్టాలి.

ఒంటరిగా దిగేవారు వేటగాణ్ణి ఎంచుకునేటప్పుడు యాక్స్‌టన్‌ను గాని, తరువాత విడిగా అమ్మిన గేజ్‌ను గాని తీసుకోండి. అతను నిలబెట్టే యంత్ర ఫిరంగి, ఆమె పిలిచే రోబో కొంతసేపైనా శత్రువుల చూపు తమవైపు తిప్పుకుంటాయి. తల్లిదండ్రులకు ఒక మాట. నెత్తురూ బూతూ దండిగా ఉన్న ఆట ఇది. అమెరికాలో పదిహేడేళ్లు, యూరప్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవారికని ముద్ర వేసి అమ్మారు. బొమ్మల కథల పుస్తకంలా కనబడే ఆ రంగులను చూసి పదేళ్లవాడి చేతికివ్వకండి.