పాత గ్రంథముల పరిష్కరణమున సెడ్ అను సాధనము

మధుర, కోయంబత్తూరు సీమలలో తెలుగువారి నివాసము నిన్న మొన్నటిది కాదు. విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మధుర నాయకుల కాలమునను వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచట పెక్కు కలవు. 18వ శతాబ్ది ఆరంభమున మధుర రాజ్యమేలిన విజయరంగ చొక్కనాథ నాయకుడు స్వయముగా తెలుగున వచన గ్రంథములు రచించెను. ఆయన ఆస్థానమందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతమును వచనమున వెలయించెను. ఇట్టి గ్రంథములను మన పిల్లలచే చదివింపబూనినచో ఒక చిక్కు ఎదురగును. పాత ముద్రణములందు అరసున్నయు, బండి ఱయు అడుగడుగునను కానవచ్చును. నేటి వాచకములతో పెరిగిన బాలుడు వానిని చూచి తడబడును.

గ్రంథమును కంప్యూటరున ఎక్కించిన పిదప ఈ అక్షరములను మార్చుటకు సెడ్ అను సాధనము మిక్కిలి ఉపకరించును. దీనిని 1973, 74 సంవత్సరముల ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు లీ మెక్‌మాహన్ అను నతడు యూనిక్స్ వ్యవస్థకై నిర్మించెను. నేడు లినక్సు కంప్యూటరులందు ఇది సాధారణముగా ఉండును. దీనికి బొమ్మలు, బొత్తాములు లేవు. ఆజ్ఞను అక్షరములతో వ్రాసి యీయవలెను. అది గ్రంథమును ఒక్కొక్క పంక్తిగా చదివి, మన సూత్రము ననుసరించి సవరించి, కాలువ నీరువలె తెరపై వెలువరించుచు పోవును. మూలమునకు తనంత తాను హాని చేయదు.

సూత్ర స్వరూపమిది: ఎస్/ఱ/ర/జి. ఎస్, జి అను వానిని ఆంగ్లపు చిన్న అక్షరములుగా వ్రాయవలెను. మొదటి గీతకు పిదప నున్నది తీసివేయవలసినది. రెండవ గీతకు పిదప నున్నది దాని స్థానమున నిలుపవలసినది. మన వ్యాకరణమున ఆదేశ మన్నది ఇదియే. జి అనగా పంక్తియందంతటను అని భావము. అది లేనిచో ప్రతి పంక్తియందును మొదటి ఱ మాత్రమే మారును; ‘గుఱ్ఱము’ సగము మారి ‘గుర్ఱము’ అని నిలుచును. అరసున్నను తొలగించుటకు ఎస్/ఁ//జి అన్న చాలును. చివరి రెండు గీతల నడుమ ఏమియు లేకుండుటయే లోపమునకు గుర్తు.

ఇచట నా యనుభవ మొకటి చెప్పెదను. సెలవులలో నలువది పుటలు టైపు చేసి, సవరించిన ప్రతిని అదే ఫైలు పేరున నిలుపుమని ఆజ్ఞాపించితిని. ఫలితమును ఫైలులోనికి మళ్ళించు గుర్తు ముందుగా ఆ ఫైలును ఖాళీ చేయునని నాకు తెలియదు. సెడ్ చదువబూనునప్పటికి అందేమియు లేదు. నాటినుండి ఫలితమును వేరొక పేరుననే నిలుపుచున్నాను.

అయినను పోయిన పుటలను మరల టైపు చేయవచ్చును. పోయిన భేదమును మరల తెచ్చుట దుష్కరము. పాత వ్రాతలో ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. ‘ఏఱు’ నది, ‘ఏరు’ ఏరుట. ‘అరుగు’ అనగా వెళ్ళుట, ‘అఱుగు’ అనగా జీర్ణమగుట. ‘ఏఁటి పండుగ’ సంవత్సరమునకు సంబంధించినది, ‘ఏటి గట్టు’ నదికి చెందినది. సూత్రములు నడచిన పిదప ఏ జంటకా జంట ఒక్కటిగా కలిసిపోవును. ర ను మరల ఱ గా మార్చబోయినచో ‘రాముడు’ సైతము ‘ఱాముడు’ అగును. సెడ్ ఆకారమును చూచునే గాని అర్థమును చూడదు.

పైగా ఈ భేదము మన పిల్లలకు ఇతర తెలుగు బాలుర కంటె సులభముగా బోధపడును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప వారు మొదటి తరగతినుండియు తమిళము చదువుచున్నారు. తమిళమున ‘ఆఱు’ అను మాటకు సంఖ్యయు, నదియు అని రెండర్థములు; దానిని వారు బండి ఱతోనే వ్రాయుదురు. మన ‘ఆఱు’, ‘ఏఱు’ అను మాటలు దానికి జ్ఞాతులు. తమిళమున ‘మూన్ఱు’, ‘ఆండు’ అని అనునాసికము నిలిచిన చోట తెలుగున ‘మూఁడు’, ‘ఏఁడు’ అని అరసున్న మిగిలినది. మధురలో వైగై ఆఱును, కోయంబత్తూరున నొయ్యల్ ఆఱును ఎరిగిన బాలునకు బండి ఱ పరాయిది కాదు. చూపించువారు కావలెను.

కావున నేను పాటించు పద్ధతి యిది. మాతృప్రతిని ఒక్క అక్షరమైనను మార్పక భద్రపరచుదును. విద్యార్థి ప్రతిని దానినుండి వేరుగా పుట్టింతును. అర్థభేదము గల మాటలకు ముందు సూత్రము వ్రాయుదును: మొదట ఎస్/ఏఁడు/ఏడు (సంవత్సరము)/జి, పిదపనే అరసున్న లోపము. సెడ్ సూత్రములను వ్రాసిన వరుసలోనే నడపును. వరుస తారుమారైనచో ‘ఏఁడు’ ముందే మాయమై, దాని సూత్రమునకు పట్టు దొరకదు. ‘ఏఁటి’ వంటి రూపములకు వేరు సూత్రములు కావలెను. సూత్రములన్నిటిని ఒక ఫైలున నుంచినచో మనము చేసిన మార్పు లేవియో తరువాతివారికి తెలియును. తుదకు ఫలితమును ఒకరు కన్నులార చదువవలెను.

మన యిండ్లలో పాత తెలుగు పుస్తకములు గలవారు వానిని కంప్యూటరున ఎక్కింపబూనునపుడు, ఉన్నది ఉన్నట్లుగా ఎక్కింపుడని నా మనవి. సులభమైన ప్రతిని ఏనాడైనను క్షణములో పుట్టింపవచ్చును. మూలమును అట్లు పుట్టింపజాలము.