డీజిల్ రికవరీ లారీకి ప్రొపేన్ అమరిక: ఎంపిక

కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి మొక్కజొన్నతో బయలుదేరిన లారీ దారిలో ఆగిపోయిందనుకుందాం. దాన్ని వరంగల్‌కు లాగే రికవరీ లారీ ఇంజను పోయేటప్పుడు నిండు భారంతోను, వచ్చేటప్పుడు దాదాపు ఖాళీగాను పనిచేస్తుంది. ప్రొపేన్ అమరికను ఎంచుకొనేటప్పుడు ముందుగా గమనించవలసింది ఈ తేడానే.

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సంపీడనంతో వేడెక్కిన గాలిలో డీజిల్ తనంతట తానే మండుతుంది. ప్రొపేన్ అలా మండాలంటే సుమారు 470 డిగ్రీల సెల్సియస్ కావాలి. డీజిల్‌కు అందులో దాదాపు సగం చాలు. అందువల్ల గాలితోపాటు లోపలికి పంపిన ప్రొపేన్‌ను డీజిల్ మంటే వెలిగించాలి. డీజిల్‌ను పూర్తిగా మానలేం. భారం లాగేటప్పుడు గ్యాసు ఎక్కువైతే అది ఒక్కసారిగా మండి ‘నాకింగ్’ పుడుతుంది, పిస్టన్‌లు దెబ్బతింటాయి. ఖాళీగా నడిచేటప్పుడు మిశ్రమం పలచబడి, కొంత గ్యాసు మండకుండానే పొగగొట్టం గుండా పోతుంది. పొదుపు లెక్కలు చెప్పేటప్పుడు ఈ నష్టాన్ని చాలామంది మరచిపోతారు.

కాబట్టి ఎప్పుడూ ఒకే మోతాదు వదిలే చౌక అమరిక ఈ బండికి పనికిరాదు. టర్బో పీడనాన్ని, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను బట్టి గ్యాసును హెచ్చించి తగ్గించేది, ఇంజను ఆగగానే సరఫరాను మూసివేసేది కావాలి.

మన ఆటో ఎల్‌పీజీలో ప్రొపేన్‌తోపాటు బ్యూటేన్ కూడా ఉంటుంది. బ్యూటేన్ పాలు పెరిగినకొద్దీ నాకింగ్ త్వరగా వస్తుంది. వంట గ్యాసు సిలిండరును వాహనానికి వాడటం నిషిద్ధం. వాహనంలో మార్పులను మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కనుక కిట్టు కొనకముందే రవాణా కార్యాలయంలో విచారించాలి.